లేజరు చెప్పిన చాడీ

ఇప్పుడంటే ఎవరి మీదైనా అనుమానం వస్తే దాన్ని కాసేపు పక్కన పెట్టి, టీ తాగి వద్దామనుకునే వయసు వచ్చింది గాని, ఆ రోజుల్లో అనుమానించడమే మా ఉద్యోగం. దానికి జీతం కూడా ఇచ్చేవారు (ఆలస్యంగానే అనుకోండి, అయినా ఇచ్చేవారు). చేతిలో కొత్తగా కొన్న టచ్ ఫోను, మెడలో కాలేజీ గుర్తింపు కార్డు, ముఖాన శాస్త్రవేత్తనన్న గంభీరం, ఇదీ అప్పటి నా వేషం. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్ళే దారిలో, హైవేకి కాస్త లోపలగా వరిపొలాల మధ్య ఉండే ఒక ఇంజనీరింగు కాలేజీలో ప్రాజెక్టు అసిస్టెంటుని. మా అమ్మ మాత్రం ఊళ్ళో అందరికీ "మావోడు లేజరు కాడ పని" అని చెప్పుకునేది. దాంతో మా వీధి పెద్దలు కొందరు నన్ను కళ్ళాసుపత్రిలో కాంపౌండరు అనుకుని, శుక్లాలు ఎప్పుడు తీయించుకుంటే మంచిదో అడగడానికి వచ్చేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. ఆదివారం అరసవల్లి వెళ్ళి సూర్యభగవానుడికి దణ్ణం పెట్టుకోండని పెద్ద మనిషిలా సలహా చెప్పి పంపేసేవాణ్ణి.

మేం చేసే పని చెప్పుకోవడానికి సులువే. చిన్న బర్నరు మీద నీలం మంట పెట్టేవాళ్ళం. ఆ మంట పైభాగంలోంచి కంటికి కనపడని అతినీలలోహిత లేజరు కిరణాన్ని పంపేవాళ్ళం. కిరణం తగిలిన చోట కార్బన్ మోనాక్సైడ్ ఉంటే అది రెప్పపాటులో మెరిసి ఆరిపోతుంది. ఆ మెరుపు ఎంతో కొలిస్తే ఆ విషవాయువు ఎంత ఉందో తెలిసిపోతుంది. మంటలోకి గొట్టాలూ పుల్లలూ దూర్చకుండా, దాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే కొలవడం ఇందులోని గొప్ప. గాలి ధారాళంగా ఇస్తే గ్యాసు పూర్తిగా కాలిపోతుంది కాబట్టి మంట పైన కార్బన్ మోనాక్సైడ్ ఉండీ లేనట్టుండాలి. కంప్యూటరు లెక్కలూ అదే చెప్పాయి. మా లేజరు మాత్రం బోలెడంత ఉందని చెప్పింది. అద్దాలు తుడిచి చూశాం, బర్నరు మార్చి చూశాం, కొబ్బరికాయ కొట్టి చూశాం. అది మాట మార్చలేదు.

ఇక్కడ మా ప్రాజెక్టు పెద్ద సారు గురించి చెప్పాలి. ఆయనకి పిల్లలు పెట్టుకున్న పేరు అనుమానం సారు. విజయనగరం మనిషి, పాఠం బాగా చెబుతారు, చెయ్యి చాచిన విద్యార్థికి లేదనకుండా ఫీజు కట్టిన దయామయుడు. కానీ తలుపుకి తాళం వేశాక దాన్ని లాగి చూసుకోవడం అందరూ చేసే పనే కదా, ఆయన తాను లాగి చూశాక మమ్మల్ని లాగి చూడమనేవారు, మేం సరిగ్గా లాగామో లేదోనని మళ్ళీ తాను లాగేవారు. క్యాంటీను టీ పల్చగా ఉంటే పాలవాడి మీద అనుమానం, చిక్కగా ఉంటే ఇవాళ ఇంత చిక్కగా ఎందుకిచ్చాడా అని క్యాంటీనువాడి మీద అనుమానం. అలాంటి మనిషి చేతికి, ఉండకూడని వాయువు ఉందని చెప్పే యంత్రం ఒకటి చిక్కిందంటే ఇక చెప్పేదేముంది. మొదట సిలిండర్లు పంపే కంపెనీవాళ్ళని అనుమానించారు. తర్వాత హైవే అవతల రైసుమిల్లు పొగని. ఆ తర్వాత కొన్నాళ్ళు నన్ను (నేను వైర్లు తప్పుగా కలిపానేమోనని. నాకే నా మీద అనుమానం వచ్చేటట్టు అడిగారు). చివరికి ఆయన చూపు వెళ్ళి వెళ్ళి మా బావ మీద నిలబడింది.

బావ అంటే వరసకి నాకు ఏమీ కాడు. మా వైపు రెండుసార్లు కలిసి టీ తాగితే బావ అయిపోతారు. కళింగపట్నం వైపు కుర్రాడు, బాప్టిస్టు మిషను చర్చికి తరతరాలుగా వెళ్ళే కుటుంబం. మా ల్యాబులో టెక్నీషియను. సిలిండర్లు బిగించడం, కంప్రెసరు నడపడం, బర్నరు వెలిగించడం ఆయన పని. అరసవల్లిలో ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. మనిషి బంగారం, కానీ ఒకప్పుడు బీడీ ఆరకుండా బీడీ కాల్చేవాడు. ఆ మధ్య అదే చర్చిలో ఒక సంఘపెద్ద కూతురితో సంబంధం కుదరబోయింది. మిషను బడిలో టీచరమ్మ. బావకి ఆ అమ్మాయి అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, రాత్రి నిద్రపోనివ్వకుండా చెప్పేవాడు కాబట్టి. ఆ అమ్మాయి పెట్టిన షరతు ఒకటే, పొగ మానాలి. బావ మానేశాడు. మానేయడమే కాదు, ఆదివారం ఆరాధనలో నలుగురి ముందు లేచి నిలబడి, ఇక ముట్టనని సాక్ష్యం చెప్పి మరీ కూర్చున్నాడు. అంటే ఇప్పుడు ఆయన బీడీ తాగినట్టు తేలితే పోయేది అలవాటు ఒక్కటే కాదు, పెళ్ళీ పోతుంది, చర్చిలో ముఖమూ పోతుంది.

సారు వాదన ఇలా సాగింది. మంటకి గాలి పంపే కంప్రెసరు ల్యాబు మూలనే ఉంది. అది గదిలో గాలినే పీల్చుకుంటుంది. కంప్రెసరు పక్కన కూర్చునేది బావ. బావ చాటుగా బీడీ కాలిస్తే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కంప్రెసరులోకి, అక్కడి నుంచి మంటలోకి వెళుతోంది. నేను వినయంగా, "ఒకవేళ వెళ్ళినా మంటలో కాలిపోవాలి కదా సార్" అన్నాను. ఆయన నా వంక చాలాసేపు చూసి, "అతన్ని వెనకేసుకొస్తున్నావంటే నీకేదో తెలిసే ఉండాలి" అన్నారు. ఆ రోజు నుంచి నాకు కొత్త బాధ్యత అప్పగించారు. ఉదయం గదిలోంచి బయల్దేరేటప్పుడు ఒకసారి, ల్యాబులో అడుగుపెట్టేటప్పుడు ఒకసారి బావని వాసన చూసి ఆయనకి చెప్పాలి. ఎంటెక్ చదివి, శాస్త్ర పరిశోధనకని ఉద్యోగంలో చేరి, నేను చేసిన మొదటి నమ్మకమైన కొలత అదే.

"ఒరే బావా, ఏటిరా నన్నలా మూసూస్తన్నావు" అని మొదటిరోజే పట్టేశాడాయన. నేను విషయం చెప్పేశాను. "నాను మానేసి ఎన్నాళ్ళయినాదో నీకు తెల్దేటి? ఒకే గదిలో ఉంతన్నాం" అన్నాడు. తెలుసనే అన్నాను. కానీ ఆ మర్నాటి నుంచి బావ తీరు మారింది. జేబులో ఏలక్కాయలు పెట్టుకుని నములుతూ రావడం మొదలుపెట్టాడు, నోరు శుభ్రంగా ఉందని సారుకి తెలియాలని. "ఏమీ లేనివాడు ఏలక్కాయ ఎందుకు నములుతాడు?" అన్నారు సారు. లోపలికి వచ్చేముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. "ఏం కడిగేసుకుంటున్నాడు?" అన్నారు సారు. దాపరికం లేదని చూపించడానికి ఎప్పుడూ సారు కంటికి ఎదురుగా నిలబడేవాడు. "నేను చూడాలనే అక్కడ నిలబడుతున్నాడు, గమనించావా?" అన్నారు సారు. జేబులో అగ్గిపెట్టె కనపడితే అది పెద్ద సాక్ష్యం (బర్నరు వెలిగించేవాడి జేబులో అగ్గిపెట్టె కాక అరటిపండు ఉంటుందా). నవ్వుకుంటూ చెబుతున్నాను గాని, నిజానికి నాకూ అనుమానం పట్టుకుంది. బావ స్నానానికి వెళ్ళి ఆలస్యం చేస్తే తలుపు దగ్గర నిలబడి ముక్కు పెట్టి వినేవాణ్ణి. ముక్కుతో వినడం ఏమిటంటారా, ఆ పరిస్థితిలో మీరుంటే తెలిసేది.

ఇంతలో సంఘపెద్ద వచ్చారు. మా వైపు పిల్లనిచ్చే ముందు కుర్రాడు పనిచేసే చోటికి వెళ్ళి, పై అధికారి నోట ఒక మాట వినడం ఆనవాయితీ. అధికారులు కూడా ఇలాంటప్పుడు "బంగారంలాంటి కుర్రాడండీ" అని ఒక మాట అనేస్తారు, అదీ ఆనవాయితీనే. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో గొడుగు, నెమ్మదైన మనిషి. సారు ఎదుట కూర్చుని, "వందనాలు బాబూ. మీకాడ పనిసేస్తన్న కుర్రోడికి మా గుంటనిద్దామనుకుంతన్నాం. ఎలాటోడో మీ నోట ఒక మాట వినేసి ఎల్దామని వచ్చినాను" అన్నారు.

సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "పనిమంతుడు. చెయ్యి శుభ్రం. కానీ పొగ తాగుతాడని నా అనుమానం" అన్నారు.

సంఘపెద్ద గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. "తాగతంటే మీరు సూసినారేటి?"

"నేను చూడలేదండి. మా లేజరు మిషను చూసింది."

బయట గుమ్మం పక్కన నిలబడి వింటున్న బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది నాకు. లోపల సంఘపెద్ద, "గుడిలో నిలబడి సాక్ష్యం సెప్పిన కుర్రోడు బాబూ. మిషను మాట నాను నా కళ్ళతో సూడాల. శనివారం మా అమ్మని తీసుకొస్తాను. మా ఇంట్లో ఏ మాటయినా ఆవిడ ఊ అంటేనే" అని లేచారు.

శనివారం ల్యాబులో జరిగినంత విచారణ నేను కోర్టులో కూడా చూడలేదు. సంఘపెద్ద వచ్చారు. ఆయన వెనక వాళ్ళమ్మ, అంటే పెళ్ళికూతురి నాన్నమ్మ, చిన్నగా వంగిన మనిషి, తెల్ల చీర, ముక్కుకి రెండు వైపులా పెద్ద ముక్కుపుడకలు. ఆవిడ ఎవరు పలకరించినా నోరు విప్పలేదు, తల మాత్రం ఊపింది. పెద్దావిడ కదా, మాటలు తక్కువేమో అనుకున్నాం. కాస్త గాలి తగులుతుందని కంప్రెసరు పక్క కుర్చీలోనే, బావ రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టాం. ముద్దాయిని సారు బయటికి పంపేశారు. సైకిలు స్టాండు దగ్గర నిలబడమని, పిలిచేదాకా రావద్దని ఆజ్ఞ.

తీరా చూస్తే కళ్ళకి పెట్టుకునే రక్షణ అద్దాలు ముగ్గురికే ఉన్నాయి. ల్యాబు నియమం ప్రకారం చూసేవాళ్ళు వస్తే వాళ్ళని నల్ల తెర వెనక కూర్చోబెట్టి, లేజరు బలాన్ని బాగా తగ్గించాలి. మామూలుగా మేం పూర్తి బలంతోనే నడిపేవాళ్ళం, బలం ఎక్కువుంటే మెరుపు ఎక్కువ కనపడుతుందన్న ఆశతో. ఆ రోజు పెద్దావిడ కళ్ళ కోసం ఆవిడకీ బర్నరుకీ మధ్య నల్ల తెర లాగి, బలం తగ్గించాను. బలం తగ్గితే మెరుపూ తగ్గుతుంది, దానికి తగ్గట్టు కంప్యూటరే లెక్క సరిచేసుకుంటుంది కాబట్టి జవాబు మారకూడదు. మంట వెలిగించాను. కిరణం వదిలాను. కంప్యూటరు తెర మీద అంకె వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. ఇన్నాళ్ళూ మేం రావాలని మొక్కుకున్న అంకె, లెక్కల్లో ఉన్న అంకె, రాకూడని రోజున వచ్చి కూర్చుంది.

సారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతులో సంతోషం లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. "అతను లోపలున్నన్నాళ్ళూ ఉంది. అతన్ని బయటికి పంపగానే పోయింది. ఇంతకంటే నేను చెప్పేదేముందండీ" అన్నారు. సంఘపెద్ద అంకె వంక చూశారు, నా వంక చూశారు. ఆయన గొడుగు తీసుకుని, "లెగమ్మా, ఎల్దాం" అన్నారు. పెద్దావిడ కదల్లేదు. "ఏటమ్మా, సూసినావు కదా. నీ మాటేటి?" అని అడిగారు. ఇక తల ఊపితే సరిపోయే ప్రశ్న కాదది. ఆవిడ మెల్లగా నోరు తెరిచింది, రెండు వేళ్ళు లోపలికి పెట్టి, నిప్పు రాజుకుంటున్న చుట్టని నోట్లోంచి బయటికి తీసింది. చిన్న ముక్కే, నిప్పున్న వైపు గొంతు వైపుకి, ఆకు వైపు పెదాల వెనక. అడ్డపొగ. మా తీరం వెంబడి ముసలమ్మలు చాలామంది కాలుస్తారు. పెదాలు మూసుకుని, నిప్పుని నోట్లోనే దాచుకుని, పక్కవాళ్ళకి పొగ కూడా తెలియకుండా గంటలు గడిపేస్తారు. "కుర్రోడు బాగున్నాడు గదరా. అంకెలకేటి, వస్తాయి పోతాయి" అంది ఆవిడ, ఒక్కో మాటకీ ఒక్కో పొగ మేఘం వదులుతూ.

మొదట నాకు వచ్చిన ఆలోచన, గదినిండా గ్యాసు సిలిండర్లు ఉన్నాయి కదా అని. సారుకీ అదే వచ్చినట్టుంది, ఒక అడుగు గుమ్మం వైపు వేశారు. రెండో ఆలోచన మాత్రం నా ఒక్కడికే వచ్చింది, నా జీవితంలో అంత మంచి ఆలోచన మళ్ళీ రాలేదు. ఇందాకటి నుంచి కంప్రెసరు నోటి దగ్గరే కూర్చుని చుట్ట కాలుతోంది. పొగే కారణమైతే ఈపాటికి అంకె ఆకాశాన్నంటాలి. అది అడుగున పడుకుని ఉంది. మరైతే ఇవాళ మారింది ఏమిటి? బావ బయటున్నాడు. ఇంకా? లేజరు బలం తగ్గించాం.

"సార్, ఒక్కసారి బావని పిలుస్తాను" అన్నాను. "ఎందుకు?" అన్నారు సారు అనుమానంగా. "మీరు అనుమానించడానికే సార్" అన్నాను. దానికి ఆయన కాదనలేకపోయారు. నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను (సైకిలు స్టాండు దగ్గర నేను చూసింది చివర్న చెబుతాను). బావని పెద్దావిడ పక్కనే కూర్చోబెట్టి, తక్కువ బలంతోనే మళ్ళీ కొలిచాను. అంకె లేవలేదు. ఇప్పుడు బావనీ చుట్టాలనీ అందరినీ వరండాలోకి పంపేసి, సారూ నేనూ అద్దాలు పెట్టుకుని, లేజరు పూర్తి బలానికి పెంచాను. గదిలో బావ లేడు, చుట్ట లేదు, బీడీ లేదు. అంకె పొంగిన పాలలా పైకొచ్చింది. తగ్గిస్తే తగ్గింది. పెంచితే పెరిగింది. నేను సరిగ్గా తగ్గించానో లేదోనని సారు నన్ను పక్కకి జరిపి తానే తగ్గించి చూశారు, తాను సరిగ్గా తగ్గించారో లేదోనని నన్ను మళ్ళీ తగ్గించమన్నారు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసిందేమిటంటే, మంట పైభాగంలో బాగా వేడెక్కిన కార్బన్ డయాక్సైడ్ పుష్కలంగా ఉంటుంది. అతినీలలోహిత కిరణం మరీ బలంగా తగిలితే అది విరిగి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. అదే కిరణం ఆ పుట్టినదాన్ని వెంటనే మెరిపించి లెక్కలో వేసేస్తుంది. అంటే మా లేజరు వెతకడానికి వెళ్ళినదాన్ని అక్కడికక్కడే తయారుచేసి, కొలిచి, ఇదుగో దొరికిందని మా చేతిలో పెట్టేది. ఈ సంగతి వేరే దేశాల్లో చాలామందికి ముందే తెలుసట. మాకే ఎవరూ చెప్పలేదు. సారు ఆ రోజు అద్దాలు తీసి, లేజరు వంక చూస్తూ కుర్చీలో కూలబడ్డారు. ఆయన బాధపడుతున్నారేమో అనుకున్నాను. కాదు, కాసేపటికి ముఖం వెలిగింది. "అయితే ఇన్నాళ్ళూ దీన్ని అనుమానించలేదన్నమాట" అన్నారు, కొత్త ముద్దాయి దొరికిన ఆనందంతో. వరండాలోకి వచ్చి బావ ముందు నిలబడి, "పొరపాటు నాదయ్యా" అన్నారు. అంతమంది ముందు అంత పెద్ద మనిషి ఆ మాట అంటారని మేం అనుకోలేదు. బావ కళ్ళు చెమర్చాయి. నాకూ చెమర్చాయి గాని, నేను అద్దాలు ఇంకా తీయలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

సంఘపెద్ద అంతా విని, "అంటే మీ దీపమే పుట్టించి మా కుర్రోడి మీద సెప్పినాదన్నమాట" అన్నారు. మా పరిశోధన మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పేశారు, మేం తర్వాత పేజీలు పేజీలు రాశాం. పెళ్ళి కళింగపట్నంలో జరిగింది. పాస్టరుగారు ఆచారం ప్రకారం, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలని అడిగినప్పుడు, ముందు వరసలో కూర్చున్న అనుమానం సారు మెడ మెల్లగా తిప్పి నా వైపు చూశారు. నేను చేపల ధర గురించి ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి సముద్రం వైపు చూశాను.

ఎందుకంటే ఆ శనివారం సైకిలు స్టాండు దగ్గరికి వెళ్ళినప్పుడు బావ చెప్పు కింద ఏదో నలుపుతూ కనపడ్డాడు. వారాల తరబడి వాసన చూసి పదునెక్కిన ముక్కు నాది. అడగక్కర్లేకపోయింది. "నెలల తరబడి ముట్టనేదురా బావా. ఇయ్యాల ఇక్కడ ఒంటరిగా నిలబెట్టేసినారు గదా. ఎలాగూ తాగినాననే అంతన్నారు గదాని ఒకటి ముట్టించినాను" అన్నాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పెద్దావిడ పక్కన కూర్చోబెట్టాను. ఆవిడ ఒకసారి గాలి పీల్చి, బావ ముఖంలోకి చూసి, చుట్ట తిప్పి మళ్ళీ నోట్లో పెట్టుకుని, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ గదిలో ఇక ఏ వాసన ఎవరిదో తేల్చగలిగినవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు నేను విశాఖలో ఫ్యాక్టరీ గొట్టాల పొగ కొలిచే ఉద్యోగంలో ఉన్నాను, పొట్ట వచ్చింది, బట్టతల వస్తోంది. బావకి ఇద్దరు ఆడపిల్లలు. టీచరమ్మ ఎప్పుడు కలిసినా, "ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పిన రోజు నుంచి ఈ రోజు దాకా ముట్టలేదండి, మీరే సాక్షి" అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఆ రోజు స్టాండు దగ్గర కాల్చినది నిజంగా మొదటిదేనా, మేం అనుమానించకపోతే అదైనా కాల్చేవాడా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా నా లోపల ఒక పురుగు దొలుస్తూ ఉంటుంది. అడుగుదామని నోటిదాకా వస్తుంది. మెడలో కార్డు వేసుకుని తిరిగిన ఆ కుర్ర శాస్త్రవేత్త అయితే పూర్తి బలంతో అడిగేసేవాడు, వాణ్ణి తలుచుకుంటే నాకు జాలీ నవ్వూ రెండూ వస్తాయి. నేను మాత్రం "పిల్లలు బాగా చదువుతున్నారా బావా" అని అడిగి, ఆయన చెప్పేది వింటూ కూర్చుంటాను.